పేషెంట్‌కు పంటి నొప్పి.. డాక్టర్‌కు మెడ నొప్పి! డెంటిస్టుల ఒత్తిడికి అసలు కారణాలేంటి? తగ్గించుకునేదెలా?

పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే మనలో చాలామందికి భయం. కుర్చీలో పడుకోగానే చేతులు చల్లబడతాయి. డ్రిల్ శబ్దం వినగానే గుండె దడ మొదలవుతుంది. అయితే మనకు ఆ భయం ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ అరగంట సేపు. అదే కుర్చీ పక్కన కూర్చుని రోజంతా ఇలాంటి భయాలను చూస్తూ, మెడ వంచి, మిల్లీమీటర్ల లెక్కన పని చేసే డాక్టర్ పరిస్థితి ఏంటి?

ఒత్తిడి అనగానే యోగా చేయండి, ధ్యానం చేయండి, గట్టిగా ఊపిరి పీల్చుకోండి అని చెప్పేస్తుంటారు. అవి మంచివే. కానీ డెంటల్ క్లినిక్‌లో ఒత్తిడి ఎక్కువగా పుట్టేది డాక్టర్ మనసులో కాదు. అపాయింట్‌మెంట్ పుస్తకంలో, కుర్చీ ఎత్తులో, ముందే చెప్పని బిల్లులో పుడుతుంది. అందుకే మార్పు కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి. అదెలాగో చూద్దాం.

సాయంత్రం ఆరు దాటితే..

సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లినే తీసుకుందాం. ఒకవైపు మేడ్చల్ వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి, ఇంకోవైపు తాడ్‌బండ్, మరోవైపు హస్మత్‌పేట. పెద్ద కూరగాయల మార్కెట్, కంటోన్మెంట్ కుటుంబాలు, ఉద్యోగులు, విద్యార్థులు.. అన్ని రకాల జనం ఉన్న ఏరియా. ఇలాంటి చోట మెడికల్ షాపు పైనో, అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లోనో ఒకటి రెండు కుర్చీలతో నడిచే క్లినిక్‌లే ఎక్కువ. అక్కడ డాక్టరే మేనేజర్, డాక్టరే క్యాషియర్, కరెంటు పోతే ఇన్వర్టర్ చూసుకునేదీ డాక్టరే.

ఉద్యోగాలు చేసేవాళ్లు పగలు రాలేరు. అందుకే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు రద్దీ. దానికి తోడు ట్రాఫిక్. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ రోడ్ వరకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన చేయాల్సి వచ్చిందంటేనే ఈ రూట్ పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ఆరున్నరకు రావాల్సిన పేషెంట్ ఏడింటికి వస్తారు. ఏడింటి పేషెంట్ అప్పటికే వచ్చి వాచీ చూసుకుంటూ ఉంటారు. ఇద్దరికీ సర్దిచెప్పాల్సింది మాత్రం డాక్టరే.

మెడకు పడే బరువు ఎంత?

ముందు ఒళ్లు సంగతి చూద్దాం. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. తల నిటారుగా ఉన్నప్పుడు మెడ ఆ బరువునే మోస్తుంది. ముందుకు వంచితే లెక్క మారిపోతుంది. ఫోన్ చూసేవాళ్ల మెడ గురించి 2014లో వచ్చిన ఒక లెక్క ప్రకారం 15 డిగ్రీలు వంచితే మెడపై పడే భారం 12 కిలోల దాకా, 60 డిగ్రీలు వంచితే 27 కిలోల దాకా ఉంటుంది. ఇది కంప్యూటర్ మోడల్‌తో వేసిన అంచనా. అయినా విషయం అర్థమవుతుంది. చిన్నపాటి నోటిలో వెనక దవడ పన్ను చూడాలంటే డాక్టర్ మెడ వంగాల్సిందే, నడుము ఓ పక్కకు తిరగాల్సిందే. అదీ గంటల తరబడి.

ప్రపంచవ్యాప్తంగా వచ్చిన పరిశోధనలను కలిపి చూసిన ఓ సమీక్ష 2009లో వెలువడింది. డెంటల్ వృత్తిలో ఉన్నవాళ్లలో 64 నుంచి 93 శాతం మందికి కండరాలు, కీళ్ల నొప్పులు ఉన్నట్టు అందులో తేలింది. మెడ, భుజాలు, నడుము, మణికట్టు.. ఇవే ఎక్కువగా దెబ్బతినే చోట్లు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బీడీఎస్ చదవడానికే ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు పడుతుంది. ఆ తర్వాత ఎండీఎస్ మూడేళ్లు. ఇంత చదివి, లోన్ తీసుకుని క్లినిక్ పెట్టి, నాలుగు పదుల వయసులో నడుము నొప్పితో పేషెంట్లను తగ్గించుకోవాల్సి వస్తే? డెంటిస్టుకు చేతులే ఆస్తి. అందుకే ఈ నొప్పిని 'అలసటలే' అని తీసిపారేయడం కుదరదు.

ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తోంది?

ఒళ్లు నొప్పులతో ఆగితే బాగుండేది. కానీ కారణాలు ఇంకా చాలా ఉన్నాయి.

పేషెంట్ భయం: మెలకువగా ఉన్న మనిషి నోట్లో పని చేయాలి. పేషెంట్ ఉలిక్కిపడితే పరికరం జారుతుంది. 'మేడమ్, ఇంకెంతసేపు?' అని అడుగుతూ ఉంటారు. ఆ భయాన్ని తగ్గిస్తూనే చేతి పని ఆగకుండా చూసుకోవాలి. రోజంతా ఇలా నవ్వు ముఖంతో ఉండటం కూడా ఒక పనే.

టైమ్: రూట్ కెనాల్ మొదలుపెడితే లోపల ఏముందో తెరిచే వరకు పూర్తిగా తెలియదు. వంకర తిరిగిన కాలువ ఒకటి దొరికితే అరగంట పని గంటకు వెళ్తుంది.

డబ్బు: అద్దె, కుర్చీ ఈఎంఐ, ల్యాబ్ బిల్లులు, అసిస్టెంట్ జీతం ప్రతి నెలా కట్టాల్సిందే. పేషెంట్ రాకపోతే ఆదాయం లేదు. 2020 లాక్‌డౌన్‌లో ఈ దెబ్బ ఏంటో ప్రతి క్లినిక్‌కూ తెలిసొచ్చింది. పని ఆగింది కానీ ఖర్చులు ఆగలేదు.

ఫిర్యాదుల భయం: వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందకు వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేషెంట్‌కు అది మంచి రక్షణ. ఏ చిన్న తేడా వచ్చినా కేసు అవుతుందేమో అన్న ఆందోళన మాత్రం డాక్టర్‌కు ఉంటుంది.

ఒంటరితనం: ఇది బయటకు కనిపించదు. పెద్ద ఆస్పత్రిలో డాక్టర్‌కు పక్క గదిలో ఇంకో డాక్టర్ ఉంటారు. సొంత క్లినిక్‌లో ఒక కేసు తేడా కొడితే ఆ రాత్రి మాట్లాడటానికి ఎవరూ ఉండరు.

అలసటా? బర్నవుటా?

రెండూ ఒకటి కాదు. అలసట ఆదివారం నిద్రతో పోతుంది. బర్నవుట్ పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా తన కొత్త వర్గీకరణలో వివరించింది. దాన్ని జబ్బుల లిస్టులో మాత్రం పెట్టలేదు. పని చోట ఎక్కువ కాలం ఉన్న ఒత్తిడిని సరిగ్గా సర్దుబాటు చేయకపోవడం వల్ల వచ్చేదిగా చెప్పింది. దానికి మూడు గుర్తులు ఇచ్చింది. ఒకటి, శక్తి మొత్తం అయిపోయినట్టు అనిపించడం. రెండు, పని మీద విరక్తి, దూరం. మూడు, నా వల్ల ఏమీ కావట్లేదు అనే భావన.

డెంటల్ క్లినిక్ భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. పొద్దున షట్టర్ తీయాలంటేనే మనసు రాదు. పేషెంట్ పేరు గుర్తుండదు, 'ఆ కింది దవడ కేసు' అనే గుర్తుంటుంది. అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ అయితే హాయిగా అనిపిస్తుంది. ఇంతకు ముందు ఈజీగా చేసిన పని మీద కూడా నమ్మకం పోతుంది. ఈ గుర్తులు వారాల తరబడి ఉంటే జాగ్రత్త పడాల్సిందే.

మొదటి మార్పు అపాయింట్‌మెంట్ పుస్తకంలో..

ఒక చిన్న లెక్క చూద్దాం. సాయంత్రం 5 నుంచి 9.30 వరకు క్లినిక్. ప్రతి అరగంటకు ఒకరు చొప్పున తొమ్మిది మందికి టైమ్ ఇచ్చారనుకుందాం. 5.30కి వచ్చిన రూట్ కెనాల్ 45 నిమిషాలు పట్టింది. దాంతో 6 గంటల పేషెంట్‌ను 6.15కి లోపలికి పిలిచారు. 6.45కి ముఖం వాచిపోయి ఒకరు ఎమర్జెన్సీగా వచ్చారు. వారికి 20 నిమిషాలు. అంతే, 6.30 పేషెంట్ 7.05కి లోపలికి వెళ్తారు. ఆ 35 నిమిషాల ఆలస్యం చివరి పేషెంట్ వరకు అలాగే సాగుతుంది. ఆఖరి పేషెంట్ పని పూర్తయ్యేసరికి 10.05. భోజనం పదిన్నరకు. వెయిటింగ్‌లో ఉన్న ఏడుగురూ కోపంగానే లోపలికి వచ్చి ఉంటారు.

ఇప్పుడు అదే సాయంత్రంలో 6.30, 8 గంటల స్లాట్లు రెండూ ఖాళీగా ఉంచి చూడండి. రూట్ కెనాల్ అలాగే ఆలస్యమైంది, ఎమర్జెన్సీ అలాగే వచ్చింది. కానీ ఎమర్జెన్సీ పేషెంట్ ఆ ఖాళీలో సర్దుకుంటారు. 7 గంటల పేషెంట్ ఐదు నిమిషాలు మాత్రమే ఆగుతారు. 8.05కి డాక్టర్‌కు 25 నిమిషాలు దొరుకుతాయి. టీ తాగొచ్చు, నడుము చాపొచ్చు, ఇంటికి ఫోన్ చేయొచ్చు. 8.30 పేషెంట్ టైమ్‌కే లోపలికి వస్తారు. 9.30కి క్లినిక్ క్లోజ్.

మరి ఇద్దరు పేషెంట్లు తగ్గారు కదా? నిజమే. ఆ ఇద్దరినీ పగటి వేళకు మార్చవచ్చు. బోయిన్‌పల్లి లాంటి ఏరియాలో ఇది కష్టం కాదు. కూరగాయల మార్కెట్ పని తెల్లవారుజామునే మొదలవుతుంది కాబట్టి అక్కడ పని చేసేవాళ్లకు మధ్యాహ్నం టైమ్ ఇవ్వొచ్చు. రిటైరైన పెద్దవాళ్లకు, ఇంటి దగ్గర ఉండేవాళ్లకు పదకొండు గంటలు అనువుగా ఉంటుంది. సాయంత్రం స్లాట్లు ఉద్యోగులకు, స్కూలు పిల్లలకు వదిలేయొచ్చు.

ఇంకో మాట. అన్ని పనులకూ ఒకే అరగంట ఇవ్వడం సరికాదు. కుట్లు చూసి పంపడానికి పది నిమిషాలు చాలు. దవడ పన్ను రూట్ కెనాల్‌కు గంట కావాలి. పనిని బట్టి టైమ్ ఇస్తే సగం గొడవ తగ్గుతుంది. కష్టమైన కేసులు రోజు మొదట్లో, చేతులు తాజాగా ఉన్నప్పుడు పెట్టుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి జ్ఞాన దంతం తీసే పని పెట్టుకోకపోవడమే మంచిది.

కుర్చీ దగ్గర చేయాల్సినవి..

• పేషెంట్ నోరు డాక్టర్ మోచేతి ఎత్తులో ఉండేలా కుర్చీ సర్దుకోవాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి.

• పై పళ్లకు పని చేసేటప్పుడు పేషెంట్‌ను పూర్తిగా వెనక్కి పడుకోబెట్టాలి. 'కొంచెం ఇటు తిరగండి' అని పేషెంట్ తలను తిప్పించాలి. డాక్టర్ తన నడుమును తిప్పుకోకూడదు.

• పై దవడ పళ్లను నేరుగా చూడటానికి వంగే బదులు అద్దంలో చూస్తూ పని చేయడం అలవాటు చేసుకోవాలి. మొదట్లో కష్టమే, తర్వాత మెడకు హాయి.

• లూప్స్, అంటే కళ్లజోడుకు బిగించే భూతద్దాలు వాడేవాళ్లు వాటి వంపు కోణం తమకు సరిపోయేలా చేయించుకోవాలి. సరిపడని లూప్స్ వల్ల మెడ ఇంకా వంగుతుంది.

• మొద్దుబారిన స్కేలర్‌తో క్లీనింగ్ చేస్తే వేళ్ల మీద ఎక్కువ బలం పడుతుంది. పరికరాలకు ఎప్పటికప్పుడు పదును పెట్టించాలి. గ్లౌజులు సరైన సైజువి వాడాలి. బిగుతు గ్లౌజులతో బొటనవేలు, మణికట్టు నొప్పి పెడతాయి.

• ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును 20 సెకన్లు చూడాలి. కళ్లతో పాటు మెడకూ విరామం దొరుకుతుంది.

• ఇద్దరు పేషెంట్ల మధ్య రెండు నిమిషాలు లేచి నిలబడాలి. భుజాలు వెనక్కి తిప్పడం, నడుమును వెనక్కి వంచడం చాలు. పని చేసేటప్పుడు ఎటు వంగుతామో దానికి వ్యతిరేకంగా సాగదీయడమే సూత్రం.

• కంప్రెసర్‌ను గది బయట పెట్టించాలి. రోజంతా ఆ మోత చెవిలో ఉంటే చిరాకు పెరుగుతుంది.

భయపడే పేషెంట్‌ను ముందే గుర్తించండి

పేషెంట్ భయాన్ని కొలవడానికి 1969లో నార్మన్ కోరా అనే ఆయన నాలుగు ప్రశ్నల స్కేల్ తయారు చేశారు. 'రేపు డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాలంటే మీకు ఎలా అనిపిస్తుంది?' లాంటి మామూలు ప్రశ్నలే. స్కోరు 4 నుంచి 20 వరకు ఉంటుంది. వెయిటింగ్ హాల్‌లో కూర్చున్నప్పుడే ఇలాంటి ప్రశ్నలు తెలుగులో అడిగితే ఎవరికి ఎక్కువ టైమ్ కావాలో ముందే తెలిసిపోతుంది.

పిల్లల విషయంలో 'చెప్పు, చూపించు, చెయ్యి' పద్ధతి ఎప్పటి నుంచో ఉన్నదే. ఏం చేయబోతున్నామో చెప్పి, పరికరాన్ని చూపించి, ఆ తర్వాతే చేయాలి. పెద్దవాళ్లకైతే ఒక సంకేతం చాలు. 'నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, వెంటనే ఆపేస్తా' అని చెప్పి, నిజంగానే ఆపాలి. ఆపే అవకాశం తన చేతిలో ఉందని తెలిస్తే పేషెంట్ స్థిమితపడతారు. పేషెంట్ స్థిమితపడితే డాక్టర్ భుజాలు కూడా దిగుతాయి.

బిల్లు గొడవలకు కూడా మందు ఇలాంటిదే. పని మొదలుపెట్టక ముందే ఎంతవుతుంది, ఎన్నిసార్లు రావాలి, ఏ ఇబ్బందులు రావచ్చు అన్నది తెలుగులో రాసి ఇచ్చి సంతకం తీసుకోవాలి. క్యాప్ ఖర్చు వేరు అన్న మాట రూట్ కెనాల్ అయిపోయాక చెబితే గొడవ తప్పదు. ముందే చెబితే అది మామూలు సమాచారం.

అసిస్టెంట్ల సంగతి మర్చిపోతున్నారా?

డెంటల్ ఒత్తిడి అంటే డాక్టర్ ఒత్తిడి ఒక్కటే కాదు. సక్షన్ పట్టుకుని గంటల తరబడి నిలబడేది అసిస్టెంట్. పరికరాలు కడిగి, ఆటోక్లేవ్‌లో పెట్టేది వాళ్లే. పేషెంట్ కోపం మొదట పడేది రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి మీదే. వాళ్లకు కూర్చోవడానికి స్టూల్, భోజనానికి టైమ్, ఇంటికి వెళ్లడానికి కచ్చితమైన గంట ఉండాలి. రాత్రి పదికి బస్సు కోసం నిలబడాల్సి వస్తే ఆ అమ్మాయి ఎక్కువ కాలం పనిలో ఉండదు. కొత్తవాళ్లకు మళ్లీ నేర్పించడం డాక్టర్‌కు ఇంకో ఒత్తిడి.

సూది గుచ్చుకోవడం అన్నది క్లినిక్‌లో అందరికీ ఉన్న భయం. ఏం చేయాలో గోడ మీద రాసి పెడితే ఆ భయం సగం తగ్గుతుంది. గుచ్చుకున్న చోటును సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. పిండకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు. వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే వీలైనంత త్వరగా, రెండు గంటల్లోపు అయితే మేలు, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు డాక్టర్‌తో పాటు అసిస్టెంట్‌కు, క్లీనింగ్ చేసే ఆయమ్మకు కూడా వేయించాలి. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టకూడదు. మూతను ట్రేలో ఉంచి, ఒక్క చేత్తోనే సూదిని అందులోకి పోనివ్వాలి.

స్టూడెంట్స్, హౌస్ సర్జన్లకు..

సికింద్రాబాద్ పరిసరాల్లోనే జవహర్‌నగర్‌లో 2001లో మొదలైన ఆర్మీ డెంటల్ కాలేజీ ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఇలాంటి కాలేజీల్లో చదివే ప్రతి విద్యార్థికీ మూడో ఏడాది నుంచి పేషెంట్లు, కోటా పనులు, పరీక్షలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని పళ్లు తీయడాలు పూర్తి చేయాలన్న లెక్క ఉంటుంది. పేషెంట్ రాకపోతే లెక్క పూర్తి కాదన్న టెన్షన్ ఉంటుంది.

కూర్చునే తీరు నేర్చుకోవాల్సింది ఈ వయసులోనే. తర్వాత మార్చుకోవడం కష్టం. ఇద్దరు ఫ్రెండ్స్ ఒకరి ఫొటో ఒకరు పక్క నుంచి తీసి చూసుకుంటే మెడ ఎంత వంగుతోందో వెంటనే తెలుస్తుంది. ఖర్చు లేని పని ఇది.

బయటకు వచ్చి ప్రాక్టీస్ పెట్టినవాళ్లు బ్యాచ్‌మేట్స్‌తో నెలకు ఒకసారైనా కూర్చోవాలి. మంచిగా వచ్చిన కేసుల ఫొటోలు గ్రూపులో ఎలాగూ పెడతారు. తేడా కొట్టిన కేసుల గురించి కూడా పేషెంట్ వివరాలు బయటపెట్టకుండా మాట్లాడుకోవాలి. విరిగిన ఫైల్, ఆగని రక్తం.. ఇవి తన ఒక్కరికే జరగలేదని తెలియడమే పెద్ద ఊరట. దగ్గరలోని క్లినిక్‌లు నాలుగు కలిసి ఆదివారం ఎమర్జెన్సీలను వంతులవారీగా చూసుకుంటే ఒక్కో డాక్టర్‌కు నెలలో మూడు ఆదివారాలు దొరుకుతాయి.

ఎప్పుడు సాయం అడగాలి?

చేతి వేళ్లలో తిమ్మిరి, రాత్రి నిద్ర లేపే మెడ నొప్పి, పట్టు తగ్గడం ఉంటే ఫిజియోథెరపిస్ట్‌ను లేదా ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవాలి. డాక్టర్లే కదా అని పెయిన్ కిల్లర్ తమకు తామే రాసుకుని నెట్టుకురావడం ప్రమాదం.

నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, రాత్రి పెగ్గు లేకుండా పడుకోలేకపోవడం, బతకడం దండగ అన్న ఆలోచన రావడం.. వీటిలో ఏది ఉన్నా ఒంటరిగా మోయొద్దు. 2022 అక్టోబర్ 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416. 24 గంటలూ పని చేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టర్లు కూడా ఫోన్ చేయొచ్చు. సాయం అడిగినంత మాత్రాన డాక్టర్‌కు పరువు పోదు.

పేషెంట్లుగా మనమేం చేయాలి?

• రాలేకపోతే ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. ఆ టైమ్ ఇంకొకరికి పనికొస్తుంది.

• బీపీ, షుగర్, రక్తం పలచబడే మందులు, ప్రెగ్నెన్సీ.. ఏదున్నా దాచకుండా చెప్పండి. కుర్చీలో కూర్చున్నాక, సూది వేశాక చెబితే ఇద్దరికీ రిస్క్.

• భయంగా ఉంటే భయంగా ఉందనే చెప్పండి. అందులో సిగ్గు పడాల్సింది ఏమీ లేదు.

• ఖర్చు గురించి మొదట్లోనే అడగండి. రాసివ్వమని అడగడం మీ హక్కు.

• నొప్పి భరించలేని స్థితికి వచ్చే వరకు ఆగొద్దు. చిన్న పుచ్చుకు సిమెంట్ పెట్టించుకోవడం పావుగంట, అరగంట పని. అదే ముదిరితే రూట్ కెనాల్, క్యాప్, నాలుగు సిట్టింగులు. మీకూ కష్టం, డాక్టర్‌కూ కష్టం.

అపాయింట్‌మెంట్ పుస్తకంలో రెండు ఖాళీలు, సరైన ఎత్తులో కుర్చీ, ముందే రాసిచ్చిన బిల్లు, మాట్లాడుకోవడానికి నలుగురు తోటి డాక్టర్లు. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. అన్నీ ఒకేసారి కుదరకపోతే ఈ వారం ఒకటి మొదలుపెట్టినా చాలు. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించి ఇంటికి వెళ్లిన డాక్టర్ మర్నాడు పొద్దున ఇంకా మంచిగా పని చేస్తారు. ఆ మంచి పని చివరికి అందేది మన పంటికే!